కారు అంచు కోసిన ఆదివారం

మా అమ్మ ముప్ఫై ఏళ్లపాటు చీరల అంచులు కోసింది. ఎంబ్రాయిడరీ కార్ఖానాల నుంచి చీరలు మూటలుగా మా ఇంటికి వచ్చేవి. అంచు పొడవునా పువ్వులో, ఆకులో, మామిడి పిందెలో దారంతో కుట్టి ఉండేవి. ఆ కుట్టుకు బయట మిగిలిన బట్టను తీసెయ్యడం అమ్మ పని. పోలిస్టర్‌ను కత్తెరతో కోస్తే పోగులు లేస్తాయి. అందుకని కరెంటుతో వేడెక్కే సన్నని మొన ఉన్న కట్టర్‌ను కుట్టు పక్కనుంచి నడిపించాలి. చెయ్యి కాస్త లోపలికి జరిగితే పువ్వు రేక కాలుతుంది. కాస్త బయటికి జరిగితే అంచు మొరటుగా కనిపిస్తుంది. సూరత్ బమ్రోలిలో మేముండే రెండు గదుల ఇంట్లో, కిటికీ కింద చాప మీద కూర్చుని, వీధిలో పోయేవాళ్లతో మాట్లాడుతూనే అమ్మ ఆ పని చేసేది. నాన్న మరమగ్గాల మీద షిఫ్టు చేసి వచ్చి పడుకుంటే గొంతు తగ్గించేది గాని చెయ్యి ఆపేది కాదు.

నేను ఆ చాప మీదే కూర్చుని చదువుకున్నాను. తర్వాత కంప్యూటర్‌లో ఎంబ్రాయిడరీ డిజైన్లు వేసే పని నేర్చుకున్నాను. మొదట్లో నా డిజైన్‌ను మెషిన్ కుట్టేది, అంచును అమ్మలాంటి ఆడవాళ్లు కోసేవాళ్లు. కొన్నేళ్లకు లేజర్ వచ్చింది. ఇప్పుడు నేను పంపే ఫైలులోనే కోత గీత కూడా ఉంటుంది. మెషిన్ కుడుతుంది, లేజర్ కోస్తుంది, చీర మడతపెట్టి దుకాణానికి పోతుంది. అమ్మకు వచ్చే మూటలు తగ్గుతూ తగ్గుతూ మూడేళ్ల కింద పూర్తిగా ఆగిపోయాయి. అప్పటికే నాన్న పోయాడు, అమ్మ నా దగ్గరికి వచ్చేసింది. తన కట్టర్‌ను పాత చీర ముక్కలో చుట్టి బీరువా అడుగున పెట్టుకుంది. ఆ విషయం మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. నాకు అడగాలంటే భయం. ఆమెకు చెప్పాలని అనిపించలేదనుకుంటాను.

కారు సంగతికి వస్తాను. నేను పన్నెండేళ్లుగా డిజైన్లు వేసిస్తున్న కార్ఖానా యజమాని ఒక గుజరాతీ సేఠ్. సలాబత్‌పురాలో ఆయనకు చీరల దుకాణం ఉంది. వయసులో ఉన్నప్పుడు ఆయన ఎంతో ముచ్చటపడి విదేశం నుంచి ఒక స్పోర్ట్స్ కారు తెప్పించుకున్నాడు. ముదురు నీలం, రెండే తలుపులు, రెండే సీట్లు. అది చాలదన్నట్టు స్ప్రింగులు కోయించి, నేలకు ఇంకా దగ్గరగా దింపించాడు. ముందు బంపర్ కింద గాలిని మళ్లించడానికి ఒక నల్లటి ప్లాస్టిక్ పలక బిగించి ఉంటుంది. ఎయిర్ డ్యామ్ అంటారట. గ్యారేజీల్లో అందరూ లిప్ అనే అంటారు. కారు దిగడంతో ఆ పలక రోడ్డుకు నాలుగు వేళ్ల ఎత్తులోకి వచ్చేసింది.

మధ్యాహ్నం టీ తాగేటప్పుడు నేను ఆ కారు దగ్గరికెళ్లి నిలబడేదాన్ని. ఎందుకంటే చెప్పలేను. దాని ముందు భాగంలో ఉన్న వంపు నాకు నచ్చింది. ఎక్కడా గీత తెగకుండా ఒక చక్రం మీది నుంచి ఇంకో చక్రం దాకా పోయే వంపు. అలాంటి గీత నేను స్క్రీన్ మీద ఎన్నోసార్లు గియ్యబోయి, రాక చెరిపేశాను. సేఠ్‌కు మోకాలి ఆపరేషన్ అయ్యాక ఒకరోజు నన్ను పిలిచాడు.

"బెన్, దీంట్లో కూర్చోవడం నాకు ఇప్పటికీ వచ్చు, లేవడమే రావట్లేదు" అని గుజరాతీలో అంటూ నవ్వాడు. బెన్ అంటే అక్కాచెల్లెళ్లను పిలిచే మాట. "బయటివాళ్లకు ఇస్తే విప్పి ముక్కలు అమ్ముకుంటారు. నువ్వైతే నడుపుతావు."

అలా ఆ కారు నాకు అందే ధరకే నా ఇంటికి వచ్చింది. మా ఆయన ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేస్తాడు, పొడుగు మనిషి. మొదటిరోజు అందులో కూర్చుని, మోకాళ్లు గడ్డానికి తగులుతుంటే, "మనకు పిల్లలు లేరు కాబట్టి సరిపోయింది, ఉంటే డిక్కీల కూసోబెట్టేటోళ్లం" అన్నాడు. ఆ మాటకు నేను నవ్వాను. ఒకప్పుడైతే నవ్వేదాన్ని కాదు.

కారు ఇంటికి వచ్చిన సంగతి వీధి మొత్తానికి తెలిసింది, అది చేసిన చప్పుడు వల్ల. మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర స్పీడ్ బ్రేకర్ ఉంది. దాన్ని దాటుతుంటే కింద గర్రుమని రాసుకుంది. పళ్లు జివ్వుమనిపించే చప్పుడు. ఆ రోజు నుంచి ప్రతిరోజూ రెండుసార్లు, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ అదే. నిలువుగా కాకుండా ఏటవాలుగా, ఒక చక్రం తర్వాత ఒక చక్రం ఎక్కించడం నేర్చుకున్నాను. అప్పుడు మధ్యలో కాకుండా మూల తగిలేది. వెనకాల ఆటోలు హారన్లు కొట్టేవి. వాచ్‌మన్ నా కారు వస్తుంటే కుర్చీలోంచి లేచి నిలబడేవాడు. గౌరవంతో కాదు, ఈసారి తగులుతుందా లేదా చూద్దామని. తగిలితే "లగ్ గయా, మేడమ్" అనేవాడు, నాకు తెలియనట్టు.

ఉధనాలో ఫైబర్ బంపర్లు అతికే ఒకతని దగ్గరికి తీసుకెళ్లాను. అతను నేల మీద పడుకుని చూసి, లిప్ మొత్తం పీకి పారేద్దామన్నాడు, లేకపోతే ఇంకో బండి స్ప్రింగులు వేసి లేపుదామన్నాడు. సేఠ్‌కు ఫోన్ చేస్తే రెండూ వద్దన్నాడు. దానికి సరిపోయే స్ప్రింగులు ఇప్పుడు దొరకవు, వేరేవి వేస్తే మలుపుల్లో ఊగుతుంది. ఆ పలక పూర్తిగా తీసేస్తే రేడియేటర్‌కు గాలి సరిగా అందదు, సూరత్ ఎండల్లో ఇంజిన్ వేడెక్కుతుంది. "కాస్త రాసుకుంటే రాసుకోనివ్వు, నేను ఇరవై ఏళ్లు ఆ చప్పుడు విన్నాను" అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. అందమైనది ఏదైనా కొంత ఇబ్బంది పెడుతుందని సర్దిచెప్పుకున్నాను.

వానాకాలంలో ఒక శనివారం, రైలు పట్టాల కింది దారి, ఇక్కడ గరనాళా అంటారు, అందులోంచి వస్తున్నాం. పొద్దున నిండిన నీళ్లు పోయాయిగాని బురద ఉంది. పైకెక్కే చోట నీళ్లు పోవడానికి వేసిన ఇనుప జాలీ ఒకటి ఎత్తుగా ఉంది. బురదలో నాకు కనబడలేదు. ఈసారి గర్రుమనలేదు, ఫట్‌మని ఏదో తెగింది. ఆ తర్వాత కింద ఏదో ఈడ్చుకొస్తున్న చప్పుడు. పక్కకు ఆపి దిగి చూస్తే పలక ఎడమ మూల మరల దగ్గర చిరిగి కిందికి వేలాడుతోంది. చిన్న ముక్క ఒకటి ఊడొస్తే డిక్కీలో వేశాను. మా ఆయన ప్యాంటు పైకి మడిచి, బురదలో మోకాలు ఆనించి, డిక్కీలో ఉన్న శాంపిల్ బట్ట ముక్కతో దాన్ని బంపర్‌కు కట్టాడు. జరీ పువ్వులున్న గులాబీ రంగు ముక్క అది. ఆ ముడితోనే ఇంటిదాకా వచ్చాం. దారి పొడవునా నాకు ఏడుపు ఆగలేదు. నలభైకి దగ్గరపడ్డ మనిషిని, ఒక ప్లాస్టిక్ ముక్క కోసం ఏడుస్తున్నానని సిగ్గుపడుతూ ఏడ్చాను.

అమ్మ కింద పార్కింగ్‌లోనే ఉంది, కొత్తిమీర కొనుక్కుని ఇంట్లోకి పోతోంది. గులాబీ ముడి చూసి ఆగింది.

"ఏంది బిడ్డా, గిట్ల చినిగింది?"

"రోడ్డుకు తాకిందమ్మా."

అమ్మ కొత్తిమీర సంచి నా చేతికిచ్చి, మెల్లగా గొంతుక్కూర్చుని, పలక అంచు మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరి దాకా నడిపించింది. కంటి ఆపరేషన్ అయ్యాక ఆమెకు చూపు బాగుంది, కానీ ముందు వేలితోనే చూస్తుంది.

"ఒక్కసారి తాకితె గిట్ల కాదు. రోజు రాసుకుంటున్నది ఇది. నడుమల జూడు, ఎంత నున్నగ అరిగిందో. గీ మూలకు పండ్లు పండ్లు లేచినయ్. ఎక్కువున్న కాడ కోసేస్తె అయిపాయె గద."

"కారును ఎవరన్న కోస్తరా అమ్మా?"

"నువ్వు కోయకుంటె రోడ్డు కోస్తనే ఉన్నది. రోడ్డు వంకర కోస్తది. మనం సాపుగ కోద్దాం."

మా ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కానీ రాత్రి అన్నం తింటూ ఆలోచిస్తే అమ్మ చెప్పిందే సరైనదనిపించింది. మొత్తం తీసెయ్యడం, మొత్తం ఉంచుకోవడం, ఈ రెండే ఉన్నాయనుకున్నాను ఇన్నాళ్లూ. ఎంత తీస్తే చాలో కొలిచి అంతే తియ్యడం గ్యారేజీ అతనికీ తోచలేదు, సేఠ్‌కూ తోచలేదు, నాకూ తోచలేదు.

ఆ వారం నా పద్ధతిలో నేను తయారయ్యాను. పలకను కొలిచి, ఫోటోలు తీసి, కంప్యూటర్‌లో వంపు గీశాను. ఎడమ సగం గీసి, దాన్నే తిప్పి కుడివైపు అతికించాను. ఎప్పుడూ చేసే పనే అది. ఆఫీసులో పొడుగు కాగితం మీద ప్రింట్ తీసుకొచ్చాను. ఆదివారం పొద్దున చాయ్ తాగి ముగ్గురం కిందికి దిగాం. మా ఆయన చిరిగిన మూలను కొత్త మరలతో, వెనక చిన్న రేకు ముక్క పెట్టి బిగించాడు. నేను నా కాగితాన్ని టేపుతో పలక మీద అతికించాను. చూడటానికి ఎంతో చక్కగా ఉంది.

అమ్మ ఒక పాత చీర నేల మీద పరుచుకుని దాని మీద పడుకుంది. చెంప నేలకు ఆనించి, ఒక కన్ను మూసి చూసింది. పార్కింగ్‌లో బండ్లు తుడుచుకుంటున్న ఇరుగుపొరుగు ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు.

"నీ కాయిదం మంచిగనే ఉన్నది. బండే వంకరున్నది" అంది అమ్మ.

"గదెట్ల? కంపెనీల చేసినదమ్మా."

"వచ్చి జూడు."

నేనూ ఆమె పక్కన పడుకుని చూశాను. నిజమే. డ్రైవర్ వైపు నేలకు ఒక వేలు దగ్గరగా ఉంది. సేఠ్ భారీ మనిషి. ఇరవై ఏళ్లు ఒక్కడే ఆ వైపు కూర్చుని నడిపితే ఆ పక్క స్ప్రింగు కుంగిపోయింది. నేను ఒక సగమే కొలిచి, రెండోది తిప్పి వేసుకున్నాను.

"ఇంకో మాట. బండి ఖాలీగ ఉన్నప్పుడు కొలుస్తరా ఎవరన్న? రోడ్డు మీద ఖాలీగ నడుస్తదా? మీరిద్దరు పోయి లోపట కూసోండ్రి" అంది.

మేమిద్దరం వెళ్లి కూర్చున్నాం. ఆగి ఉన్న కారులో, బెల్టు కూడా పెట్టుకోకుండా, అద్దంలోంచి ఎదురుగా నిలబడ్డ పొరుగువాళ్లను చూస్తూ దాదాపు అరగంట కూర్చున్నాం. పై అంతస్తు ఆవిడ మాకు చాయ్ తెచ్చి కిటికీలోంచి ఇచ్చింది. "కహా జా రహే హో?" అని, ఎటు పోతున్నామో ఎవరో అడిగితే మా ఆయన "కహీ నహీ", ఎటూ లేదు, అన్నాడు. కింద నుంచి అమ్మ గొంతు వినిపించేది: "అల్లుడా, నువ్వు జర ముందుకు వంగు... ఆఁ, చాలు. బిడ్డా, నువ్వు కదలకు." మేం కూర్చోగానే ముందు భాగం ఇంకో అర వేలు దిగిందట.

తర్వాత నా కాగితం ఊడదీసి గేటు దగ్గరికి వెళ్లాం. అమ్మ ముగ్గుపిండిని నీళ్లలో చిక్కగా కలిపి, స్పీడ్ బ్రేకర్ మీద ఒక వైపు నుంచి ఇంకో వైపుదాకా పూసింది. వాచ్‌మన్ కుర్చీ వదిలి వచ్చి తానే బకెట్ పట్టుకున్నాడు. మా ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని నేను కారును మెల్లగా దాటించాను, మొదట నిలువుగా, రెండోసారి ఏటవాలుగా. ప్రతిసారీ తగిలింది. దిగి చూస్తే నల్లటి పలక మీద తెల్లగా ముద్రలు. మధ్యలో పొడుగ్గా ఒకటి, కుడి మూలలో పెద్దది, ఎడమ మూలలో చిన్నది. ఎక్కడ తగులుతోందో అంత తేటగా నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. నెలల తరబడి చప్పుడు మాత్రమే విన్నాను.

అమ్మ దర్జీ సుద్దతో గీత పెట్టింది. తెల్ల ముద్రలకు పైగా, ఒక వేలి మందం వదిలి. మూలల దగ్గర మాత్రం సుద్ద ఆపింది.

"కుడిపక్క ఎక్కువ కోయాలె, ఎడమపక్క తక్కువ. గట్లనె కోస్తె మనిషి ఎదురుగ నిలబడి చూసినప్పుడు మూతి వంకర కనిపిస్తది. అందుకని కుడిదెంత కోస్తమో ఎడమది గూడ అంతే. పోతె పోయింది గింత."

ఆ ఒక్కచోట నా కాగితం పనికొచ్చింది. కుడి పక్క ఆమె గీసిన వంపును దాని మీద ఎక్కించి, తిప్పి ఎడమకు దించాం.

మా ఆయన పలక మరలు విప్పాడు. రెండు తుప్పు పట్టి గంటసేపు సతాయించాయి. పలకను ఇంట్లోకి మోసుకొచ్చి హాల్లో, కిటికీ కింద పెట్టాం. అమ్మ చాప తెచ్చుకుంది. బీరువా తెరిచి, అడుగు నుంచి ఆ పాత చీర ముక్క మూట తీసింది. కట్టర్ తీగను ప్లగ్గులో పెట్టి, మొన మీద తడి వేలు ఆనించి చూసుకుంది. మూడేళ్లయినా పనిచేస్తోంది. ముందుగా గరనాళాలో తెగిన చిన్న ముక్క మీద ప్రయత్నించింది. అది కుదరలేదు. ప్లాస్టిక్ మందంగా ఉండటంతో కరిగి, మొన దాటిపోగానే వెనకాల మళ్లీ అతుక్కుంది. ఇల్లంతా కంపు. అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఇది చీర గాదు. రంపం తే."

సన్నపళ్ల రంపం బ్లేడుకు ఒక చివర గుడ్డ చుట్టి పిడి చేసుకుంది. మా ఆయన పలకను ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకున్నాం. బ్లేడు గీత మీద పడింది. నేను కన్ను ఆర్పకుండా గీతనే చూస్తున్నాను. అమ్మ మాత్రం రెండోసారి లాగేలోపే ఊళ్లో ఎవరి పెళ్లి గురించో మొదలుపెట్టింది. చెయ్యి తన దారిన తాను పోతోంది. నల్లటి పొట్టు చాప మీద రాలుతోంది. గీత దాటదు, గీత లోపలికి రాదు. వంపు దగ్గర బ్లేడును తిప్పదు, ఒళ్లంతా కొద్దిగా తిప్పుతుంది. చిన్నప్పుడు ఆమె పక్కనే కూర్చున్నా ఈ సంగతి నేను గమనించలేదు.

మా ఆయన ఇసుక కాగితం కొనుక్కురావడానికి వెళ్లినప్పుడు ఇద్దరమే మిగిలాం. ఎలా వచ్చిందో నా నోటి నుంచి ఆ మాట వచ్చేసింది.

"అమ్మా, నీ పని పోయింది నాతోనే గద. నేను వేసే ఫైల్‌తోనే గద లేజర్ కోస్తున్నది."

అమ్మ బ్లేడు ఆపలేదు. కొంచెం దూరం కోసి, పొట్టు ఊది, అప్పుడు మాట్లాడింది.

"నీతోని ఎందుకు పోతది? నువ్వు వెయ్యకుంటె ఇంకెవరో వేస్తరు. నా మెడ జూసినవా? ఇంకో నాలుగేండ్లు గట్లనె కూసుంటె వంగినది వంగినట్టే ఉంటుండె. పని పోయిందని నాకు రంది లేదు బిడ్డా." మళ్లీ కోసింది. "కాని పొద్దున లేస్తె ఎవ్వరు అడుగరు గద, ఇది నీకొస్తదా అని. గది మాత్రం ఉంటది."

"నేను అడగాల్సింది" అన్నాను.

"అడిగినవ్ గద ఇయ్యాల. గట్టిగ పట్టు, కదులుతున్నది."

గట్టిగా పట్టుకున్నాను. అంతకన్నా పెద్ద మాటలేవీ జరగలేదు. కానీ మూడేళ్లుగా నా గుండెలో ఎక్కడో బిగుసుకుని ఉన్నది ఆ మధ్యాహ్నం వదులైంది. అమ్మకు నా మీద కోపం లేదని తెలిసినందుకు కాదు నాకు హాయిగా అనిపించింది. ఉన్న బాధను ఉన్నంత కొలతలోనే ఆమె నాకు చెప్పింది. నేను ఊహించుకున్నది దానికి ఎన్నో రెట్లు.

ఇసుక కాగితం వచ్చింది. ముతకది, తర్వాత సన్నది, వంతులేసుకుని రుద్దాం. చివర్లో అమ్మ మళ్లీ కట్టర్ వేడి చేసి, మొనతో కాకుండా పక్క భాగంతో, కోసిన అంచు మీద ఒక్కసారి అలా తాకీ తాకనట్టు నడిపించింది. గరుకంతా నున్నబడి సన్నటి మెరుపు వచ్చింది. ఫ్యాక్టరీలో అచ్చు పోసిన అంచుకూ దీనికీ తేడా నాకే తెలియలేదు. మా ఆయన పలక మీద చెయ్యి పెట్టి చూసి, "అత్తమ్మా, మా ల్యాబ్‌ల మెషిన్ల మూతలు గూడ ఇట్ల ఉండవు" అన్నాడు. అమ్మ లేచి ముఖం కడుక్కుని వచ్చి, మేము అడగకుండానే ఉల్లిగడ్డ వేసి సర్వపిండి చేసి పెట్టింది. ఆమె సంతోషం అట్లానే ఉంటుంది.

మూడింటికి పలక బిగించి గేటు దగ్గరికి తీసుకెళ్లాను. అమ్మ స్పీడ్ బ్రేకర్ పక్కన నిలబడింది. వాచ్‌మన్ కూడా. నేను నిలువుగానే పోనిచ్చాను. ముందు చక్రాలు ఎక్కాయి, దిగాయి. చప్పుడు లేదు. ఇంజిన్ మాత్రమే వినిపిస్తోంది. నమ్మలేక వెనక్కి తెచ్చి మళ్లీ దాటించాను. లేదు. "నహీ లగా" అన్నాడు వాచ్‌మన్, కొంచెం నిరాశగానే. మా ఆయన వంగి చూసి రెండు వేళ్లు పైకి చూపించాడు, అంత సందు ఉందని.

ఇంజిన్ వేడి సంగతి కూడా చూడాలి కదా, ఎటైనా దూరం పోదామన్నాను. సముద్రం ఒడ్డున ఉన్న డుమస్ అనుకున్నాం. సీట్లు రెండే కాబట్టి అమ్మ నాతో కారులో, మా ఆయన వెనకాల స్కూటర్ మీద. అమ్మ బెల్టు పెట్టుకుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ప్రతి స్పీడ్ బ్రేకర్ ముందూ తల కొంచెం పక్కకు వంచి వినేది. తగలకపోతే తల తిన్నగా పెట్టుకునేది. నేను రోడ్డును ఒక కంట, వేడి చూపించే ముల్లును ఒక కంట చూస్తున్నాను. సిగ్నల్స్ దగ్గర కాస్త పైకి పోయింది, రోడ్డు ఖాళీ అయ్యాక మళ్లీ తన చోటుకు దిగింది. పలకలో మిగిలిన భాగం తన పని తాను చేస్తోందన్నమాట. డుమస్ దగ్గరపడ్డాక ఒకచోట తారు లేచిపోయి గుట్టలా ఉంది. అక్కడ మాత్రం చిన్నగా రాసుకుంది.

"అయ్యో" అన్నాను.

"గంతే గద. ఇంక ఎక్కువ కోస్తె నువ్వు జెప్పిన గాలి ఉండది. గీమాత్రం తాకనీ" అంది అమ్మ.

సముద్రం దగ్గర ఆదివారం జనం. నల్లటి ఇసుక మీద పిల్లలు పరిగెడుతున్నారు. బజ్జీల బండి పక్కన చోటు దొరికితే కారు ఆపాం. డుమస్‌లో టమాటా బజ్జీ అంటే అందరికీ ప్రాణం. చక్రాల్లా కోసిన టమాటా మీద పచ్చ చట్నీ పూసి, పిండిలో ముంచి వేయిస్తారు. బండి ఆయన నూనెలో జల్లిగరిటె తిప్పుతూ మా కారు ముందు భాగాన్నే చూస్తున్నాడు. ఆయనకూ ఒక పాత కారు ఉందట, కొడుకు దాన్ని కిందికి దింపించాడట, ఇంటి ముందు ర్యాంపు ఎక్కదట. మాది అంచు కోశాక తగలడం మానిందని మా ఆయన చెప్పాడు.

"యే కిస్‌నే కాటా? కౌన్ సా గ్యారేజ్?" అని, ఎవరు కోశారో చెప్పమని మా ఆయన్ని అడిగాడు.

మా ఆయన నోరు తెరిచేలోపు అమ్మ, చేతిలో బజ్జీ ప్లేటుతోనే, "మైనే కాటా" అంది.

ఆయన నవ్వాడు, వేళాకోళమనుకున్నాడు. అమ్మ నవ్వలేదు. ప్లేటు బండి మీద పెట్టి, వెళ్లి పలక దగ్గర కూర్చుని, తనకొచ్చిన హిందీలో, ముందు మనుషుల్ని కూర్చోబెట్టి కొలవాలని, తెల్లపిండి పూసి చూసుకోవాలని, ఒక్కసారే ఎక్కువ కోయొద్దని చెప్పింది. బండి ఆయన పొయ్యి మంట తగ్గించి వచ్చి మరీ విన్నాడు. వంగి అంచు మీద వేలు నడిపించాడు. "మాసీ, ఏక్ దిన్ హమారే ఘర్ ఆవో" అంటూ తన ఇంటికి రమ్మన్నాడు. అమ్మ వస్తానని అనలేదు, రానని కూడా అనలేదు. రెండోసారి ఇచ్చిన ప్లేటులో మాత్రం బజ్జీలు ఎక్కువ ఉన్నాయి.

పొద్దు గుంకకముందే బయల్దేరాం. కారు తలుపు తీసి పట్టుకుంటే అమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"బండి మంచిగనే ఉన్నది గని, గంత కిందికి కూసుంటె నా నడుము పట్టుకపోయింది. నేను అల్లుని ఎనుక వస్త. గాలన్న తాకుతది."

వద్దన్నా వినలేదు. కొంగు నడుముకు దోపుకుని, ఒక పక్కకు కూర్చుని, మా ఆయన భుజం పట్టుకుంది. నేను ఒక్కదాన్నే కారులో కూర్చుని ముందు బయల్దేరాను. కాసేపటికి అద్దంలో వాళ్లిద్దరూ దగ్గరికొచ్చారు. అమ్మ మా ఆయన చెవిలో ఏదో గట్టిగా చెబుతోంది, ఆయన తలాడిస్తున్నాడు. మరుక్షణం స్కూటర్ నన్ను దాటేసి ముందుకు పోయింది. అమ్మ నా వైపు చూసి, రమ్మన్నట్టు చెయ్యి ఊపింది.